నాన్న దేహదానం: ఫారం నుంచి పెన్షన్ కాగితాల దాకా, నా అనుభవం

మా నాన్న 2025 ఫిబ్రవరిలో పోయాడు. ఆయన కోరుకున్నట్టే కళ్లు ఐ బ్యాంకుకి, శరీరం సిటీలోనే ఒక మెడికల్ కాలేజీకి ఇచ్చాం. అప్పట్నుంచి చుట్టాల్లో, ఆఫీసులో, కాలనీలో ఎవరో ఒకరు పక్కకి పిలిచి అడుగుతూనే ఉన్నారు, ఎలా ఇచ్చారు, ఎవర్ని కలవాలి, డబ్బులేమైనా కట్టాలా అని, ఒకాయనైతే గొంతు తగ్గించి ఏమైనా ఇస్తారా అని కూడా అడిగాడు (ఇవ్వరు, మన దగ్గర తీసుకోరు కూడా). అందరికీ ఫోన్లో చెప్పలేక రాస్తున్నా. కాలేజీ పేరు రాయట్లేదు, ఎందుకంటే పద్ధతి అన్నిచోట్లా కొంచెం కొంచెం తేడాగా ఉంటుంది, మీరు ఇవ్వాలనుకున్న కాలేజీలో అనాటమీ డిపార్ట్‌మెంట్‌కి వెళ్లి అడగాల్సిందే.

ఒకటి మాత్రం ముందే చెప్తా. ఫారం నింపడం ఇందులో చాలా చిన్న పని. నాన్న ఆ చిన్న పని ఎప్పుడో చేసేసి తన బాధ్యత అయిపోయిందనుకున్నాడు పాపం. పోయిన మనిషి లేచి నన్ను ఫలానా చోటికి తీసుకెళ్లండి అని చెప్పడు కదా, అసలు పని ఇంట్లో మిగిలినవాళ్లది, వాళ్లలో ఆయన నమ్మినవేవీ నమ్మనివాళ్లు కూడా ఉంటారు. మా ఇంట్లో అది అమ్మ.

నాన్నది దివిసీమ, కోడూరు పక్క. విజయవాడలో డిప్లొమా చదివేటప్పుడు పటమటలో గోరాగారి నాస్తిక కేంద్రానికి వెళ్లేవాడట, మొదట్లో మీటింగులకి కాదు, అక్కడ పేపర్లు చదువుకోవచ్చని. 1940లో ముదునూరులో మొదలైన ఆ కేంద్రం 1947లో పటమటకి వచ్చింది, గోరాగారు కులం లేకుండా అందర్నీ కూర్చోబెట్టి సహపంక్తి భోజనాలు పెట్టించడం, ఆయన పిల్లల పేర్లు లవణం, సమరం, విజయం అని ఉండటం, ఇవన్నీ నాన్న మాకు చిన్నప్పుడు కథల్లా చెప్పేవాడు. తర్వాత బాలానగర్ ఐడీపీఎల్‌లో ఉద్యోగం వచ్చి హైదరాబాద్ వచ్చేశాడు. అప్పట్లో ఐడీపీఎల్ అంటే మామూలు సంగతి కాదు, సోవియట్ వాళ్ల సాయంతో కట్టిన ప్రభుత్వ మందుల ఫ్యాక్టరీ, కాలనీలో బెంగాలీలు, మలయాళీలు, కోస్తా వాళ్లు, తెలంగాణ వాళ్లు అందరూ ఉండేవాళ్లు, డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డిగారు కూడా మొదట అక్కడ పనిచేసినాయనే. నాన్న విశాలాంధ్ర బుక్ హౌస్ నుంచి మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు తెచ్చుకునేవాడు, ఆ కాగితం వాసన ఇప్పటికీ గుర్తే నాకు.

1975లో పెళ్లి. పంతులు లేడు, ముహూర్తం లేదు, దండలు మార్చుకుని పెద్దాయన ఒకరు మాట్లాడితే పెళ్లయిపోయింది. అమ్మ వాళ్లది పెద్ద భక్తి కుటుంబం, ఉద్యోగం ఉన్న అబ్బాయి, కట్నం అడగట్లేదు అని తాతయ్య ఒప్పుకున్నాడు కానీ అమ్మమ్మ లోపల రగిలిపోయింది. కొన్నాళ్లకి అమ్మని మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి గుడికి తీసుకెళ్లి తనే మెడలో పసుపుతాడు వేసిందట. అమ్మ అది వేసుకునే హైదరాబాద్ వచ్చింది, నాన్న చూసి "నీ మెడ నీ ఇష్టం" అన్నాడట. యాభై ఏళ్ల కాపురం ఆ ఒప్పందం మీదే నడిచిందని నా ఉద్దేశం. అమ్మ గురువారం బాబా గుడికి వెళ్తే నాన్న బయట స్కూటర్ మీద కూర్చుని పేపర్ చదువుకునేవాడు, ప్రసాదం ఇస్తే తినేవాడు, పులిహోరకి నాస్తికత్వం అడ్డం రాలేదెప్పుడూ.

దేహదానం ఆలోచన మాత్రం పుస్తకాల్లోంచి రాలేదు. 1977 నవంబర్ 19 ఉప్పెన. మా వైపు వాళ్లకి తేదీ చెప్పక్కర్లేదు. హైదరాబాద్‌లో ఉన్న నాన్నకి సంగతి పూర్తిగా తెలిసి బస్సులు, లారీలు పట్టుకుని ఊరు చేరేసరికి ఊరు లేదు. పెద్దనాన్న అవనిగడ్డలో ఉండబట్టి బతికాడు, నానమ్మ ఇంట్లో ఉంది. సర్కారు లెక్కే పది వేల మంది పోయారని, అక్కడివాళ్లు ఇంకా ఎక్కువంటారు. నానమ్మ దొరకలేదు. నాన్న వలంటీర్లతో కలిసి చాలా రోజులు శవాలు ఎత్తాడు, ముళ్లకంపల్లో చిక్కుకున్నవి, పొలాల్లో ఉబ్బిపోయినవి, పేరు తెలియనివి, కులం తెలియనివి, అన్నీ కుప్పేసి కాల్చడమే. ప్రతిదాన్నీ తిప్పి మొహం చూసేవాడట అమ్మేమోనని. ఇది నాన్న మాకు చెప్పింది ఒక్కసారే, నేను డిగ్రీలో ఉండగా. చెప్పి, "ప్రాణం పోయాక ఒళ్లు ఎవరికైనా పనికొస్తే పనికి రావాలి, లేకపోతే అదంతే" అన్నాడు.

ఆ తర్వాత ఊరినుంచి కబురొచ్చింది, శవం దొరకలేదు కాబట్టి నానమ్మకి దర్భలతో బొమ్మ చేసి దహనం చేయాలని. శాస్త్రంలో ఉందట అలా. పెద్దనాన్న చేశాడు. నాన్న వెళ్లలేదు. ఆ విషయంలో అన్నదమ్ములిద్దరికీ చాలా ఏళ్లు మాటల్లేవు. ఇది ఎందుకు చెప్తున్నానో తర్వాత తెలుస్తుంది.

ఇక ఫారం సంగతి. ఐడీపీఎల్ మూతపడి, నాన్న చిన్నా చితకా ఉద్యోగాలు చేసి, చింతల్‌లో ఇల్లు కట్టుకుని, అన్నయ్య అమెరికా వెళ్లి, ఇవన్నీ అయ్యాక ఒకరోజు నన్ను బండి తియ్యమని కాలేజీకి తీసుకెళ్లాడు. అనాటమీ డిపార్ట్‌మెంట్ ఆఫీసులో ఫారం ఇస్తారు. ఫోటోలు, ఆధార్ జిరాక్స్, అడ్రస్ ప్రూఫ్, ఇద్దరు సాక్షుల సంతకాలు. మాకు స్టాంపు పేపరు మీద నోటరీ అఫిడవిట్ కూడా కావాలన్నారు, కోర్టు బయట చేయించాం. సాక్షులుగా నేను, నాన్న ఫ్రెండ్ ఒకాయన పెట్టాం. అమ్మని అడుగుదాం నాన్నా అంటే "అది ఏడుస్తుందే, వద్దు" అన్నాడు. చిన్న కార్డు ఇచ్చారు, దాని మీద ఫోన్ నంబర్లు. నాన్న దాన్ని ఆధార్ కార్డుతో కలిపి లామినేషన్ చేయించి పర్సులో పెట్టుకున్నాడు.

ఆఫీసులో ఉన్న మేడం ఆరోజే చాలా స్పష్టంగా చెప్పింది, "ఇది ఆయన ఇష్టం తెలియజేసే కాగితమే అమ్మా, రేపు ఇంట్లోవాళ్లు ఎవరైనా వద్దంటే మేం వచ్చి లాక్కుపోము, దగ్గరివాళ్ల రాతపూర్వక ఒప్పుకోలు లేకుండా బాడీ తీసుకోం, ముఖ్యంగా భార్య, పిల్లలు." ఇంకా కొన్ని చెప్పింది. పోస్ట్‌మార్టం చేసిన బాడీ తీసుకోరు. యాక్సిడెంటు, ఆత్మహత్య లాంటి పోలీసు కేసులు తీసుకోరు. హెచ్ఐవీ, హెపటైటిస్ లాంటివి ఉంటే తీసుకోరు. గుండె, కిడ్నీల్లాంటి అవయవాలు దానం చేస్తే శరీరం మళ్లీ డిసెక్షన్‌కి (అంటే పిల్లలు కోసి నేర్చుకోడానికి) సాధారణంగా తీసుకోరు, కళ్లు ఇస్తే మాత్రం పర్వాలేదు. నాన్న వెంటనే కళ్లకి కూడా పేరు రాయించేశాడు.

2024 సెప్టెంబర్‌లో సీతారాం ఏచూరిగారు పోయినప్పుడు శరీరాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌కి ఇచ్చారు, నెల తిరగ్గానే అక్టోబర్ 12న ప్రొఫెసర్ సాయిబాబాగారు మన నిమ్స్‌లో పోతే కళ్లు ఎల్వీ ప్రసాద్‌కి, శరీరం గాంధీ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. నాన్న రెండు పేపర్లూ మడత పెట్టి డైనింగ్ టేబుల్ మీద అమ్మకి కనపడేలా పెట్టాడు. ఆయన పద్ధతే అది, డైరెక్టుగా చెప్పడు, పేపర్ పెడతాడు. అమ్మ వాటి మీద కరివేపాకు దూసింది.

అప్పటికి నాన్నకి గుండె వీక్ అయిపోయింది, ఇంటిదగ్గర్లో డాక్టరుగారే చూసేవారు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం తెల్లవారుజామున నిద్రలోనే పోయాడు. అమ్మ ఫోన్ చేస్తే నిజాంపేట నుంచి నేను, మా ఆయన వెళ్లాం.

ఇక్కడ వరుసగా ఏం చేశామో రాస్తా, ఎవరికైనా పనికొస్తుంది. మొదట డాక్టరుగారిని పిలిచాం. ఇంట్లో పోయినప్పుడు డాక్టర్ రాసిచ్చే సర్టిఫికెట్ చాలా ముఖ్యం, కారణం రాయాలి, ఆయన రిజిస్ట్రేషన్ నంబరుతో సీల్ ఉండాలి, ఆర్ఎంపీ రాసింది నడవదు. నాన్నని రెగ్యులర్‌గా చూసిన డాక్టరు ఉండబట్టి మాకు ఇబ్బంది రాలేదు, లేకపోతే తెల్లవారుజామున ముక్కూ మొహం తెలియని డాక్టరు వచ్చి సంతకం ఎందుకు పెడతాడు చెప్పండి. రెండోది కళ్లు. ఆరు గంటల లోపు తీసుకోవాలి. ఫోన్ చేస్తే వాళ్లే చెప్పారు, ఫ్యాను ఆపేయండి, రెప్పలు మూసి తడిపిన దూది పెట్టండి, తల కింద దిండు పెట్టి కాస్త ఎత్తులో ఉంచండి అని. ఐ బ్యాంకు నుంచి టెక్నీషియన్ పిల్లలిద్దరు వచ్చారు, ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. గది తలుపు దగ్గరేసి అరగంట కూడా పట్టలేదు, కొంచెం రక్తం శాంపిల్ తీసుకున్నారు, బయటకొచ్చాక చూస్తే మొహంలో ఏ తేడా లేదు. నాన్నకి శుక్లాల ఆపరేషన్ అయింది, షుగర్ ఉంది, అయినా తీసుకున్నారు. చాలామంది కళ్లజోడు ఉంటే పనికిరావనుకుంటారు, అదేం లేదు.

అప్పటికే వాకిట్లో జనం. పక్కింటి యాదమ్మక్క మంచిది, మాకు తల్లిలాగా చూసుకుంటుంది, కానీ సంగతి తెలిసి నోరెళ్లబెట్టింది. "గదేందమ్మా, సచ్చినంక గూడ మనిషిని కోస్తరా, మంచిగ సాగనంపక గిదేం పని" అని. అవనిగడ్డ నుంచి పెద్దనాన్న ఫోన్. ఎనభై దాటిన మనిషి, ఆయాసపడుతూ, "మా అమ్మకీ లేకపోయె, వాడికీ లేకపోయె, మా ఇంట్లో ఎవరికీ కట్టెల మీద కాలే రాత లేదా" అన్నాడు. దానికి నేనేం చెప్పలేదు. ఏముంది చెప్పడానికి.

అన్నయ్య డల్లాస్‌లో. వీడియోలో ఉన్నాడు అప్పటికే, అక్కడ ఇంకా శనివారం సాయంత్రం. ఫ్లైట్ ఎక్కినా మధ్యలో దిగి మారి ఇక్కడికి రావడానికి ఒక రోజు సులువుగా పడుతుంది, అది కాదు అసలు సమస్య, పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ ఎక్స్‌పైర్ అయ్యుంది. హెచ్1 వీసా మీద పనిచేసేవాళ్లకి తెలిసిన బాధే, అక్కడ ఉన్నంతవరకు ఏం కాదు, బయటికొస్తే మళ్లీ నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేట్‌లో స్లాటు దొరికి స్టాంపు పడాలి, ఎప్పుడు పడుతుందో ఎవడికీ తెలియదు, అక్కడ పిల్లలు, ఉద్యోగం. వచ్చేస్తానే అంటాడు, మళ్లీ ఆగుతాడు, వదిన వెనకనుంచి ఏదో చెప్తుంది, ఇద్దరూ ఏడుస్తారు. కాలేజీకి ఫోన్ చేసి ఫ్రీజర్ బాక్సులో పెట్టి ఆపొచ్చా అంటే కొంతసేపు పర్లేదు కానీ ఎంబామింగ్ (శరీరం పాడవకుండా మందెక్కించడం) ఎంత తొందరగా చేస్తే అంత మంచిదన్నారు. చివరికి అన్నయ్యే అన్నాడు, "తీసుకెళ్లిపోండి, నాన్న ఉంటే టికెట్ డబ్బులు దండగ అనేవాడు" అని. నాన్న ఊరొదిలి హైదరాబాద్ వచ్చి తల్లి దగ్గరకి టైముకి చేరలేకపోయాడు, వాడు హైదరాబాద్ వదిలి డల్లాస్ వెళ్లి తండ్రి దగ్గరకి రాలేకపోయాడు. అదే ఆలోచన మధ్యాహ్నమంతా బుర్రలో తిరిగింది నాకు.

ఆదివారం కాబట్టి డిపార్ట్‌మెంట్ మూసి ఉంటుంది, కానీ కార్డు మీద ఉన్న నంబరుకి ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ ఎత్తారు, మధ్యాహ్నానికి మనుషుల్ని పిలిపిస్తా, డాక్టర్ సర్టిఫికెట్, ఆధార్‌లు, మీ అమ్మగారి సంతకంతో నో అబ్జెక్షన్ లెటర్ తీసుకురండి అన్నారు. వాట్సాప్‌లో నమూనా పంపారు. నేను ప్రింటు తీయించి అమ్మ దగ్గర కూర్చున్నా.

అమ్మ నాన్న కాళ్ల దగ్గర గోడకానుకుని ఉంది. కాగితం తీసుకుని కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివింది, రెండు పక్కలా. ఫలానా వారి భార్యనైన నేను నా పూర్తి ఇష్టంతో అని ఉంటుంది అందులో. "నా పూర్తి ఇష్టంతో అని రాశారేంటే" అంది. ఇష్టం లేకపోతే పెట్టొద్దమ్మా అన్నాను, మనస్ఫూర్తిగానే అన్నాను, ఎందుకంటే ఆ టైములో ఆమె వద్దంటే నేను అడ్డం తిరిగేదాన్ని కాదు. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మూడు షరతులు పెట్టింది. ఇంట్లో స్నానం చేయించి కొత్త పంచె కట్టాలి. నోట్లో తులసి తీర్థం తను పోస్తుంది. పదకొండో రోజు ఏం చేయాలో తనిష్టం, మేమెవరం మాట్లాడకూడదు. "ఒళ్లు ఆయనది, ఆయన చెప్పినట్టే ఇద్దాం. పదకొండో రోజు నాది" అంది.

నాన్న డైరీలో రాసి పెట్టాడు, ఎలాంటి కర్మకాండలు చేయకూడదు అని, కింద రెండు గీతలు గీసి మరీ. నాన్న ఫ్రెండ్స్ కొందరు అప్పటికే వచ్చారు, ఒకాయన ఆ తులసి నీళ్ల మాట విని "అమ్మా, ఆయన ఆశయానికి..." అని మొదలుపెట్టాడు. నేను ఆయన్ని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్లి టీ ఇప్పించాను. నా ఉద్దేశంలో ఆశయం అంటే పక్క మనిషి గొంతు నొక్కేది కాదు, నాన్నకి కూడా ఆ తేడా తెలుసు, యాభై ఏళ్లు గుడి బయట స్కూటర్ మీద కూర్చున్నాడు కదా. కాలేజీవాళ్లకి కూడా ఏ అభ్యంతరం లేదు, ఇంట్లో ఏం చేసుకుంటారో మీ ఇష్టం, గాయాలు లేకుండా, బాడీ మీద ఏమీ పూయకుండా తీసుకురండి చాలు అన్నారు. అమ్మ సంతకం పెట్టింది. తెలుగులో, పూర్తి పేరు, పుట్టింటి ఇంటిపేరుతో మొదలుపెట్టి కొట్టేసి మళ్లీ రాసింది.

ఆంబులెన్స్ అబ్బాయి "ఏ శ్మశానం అన్నా" అని మా ఆయన్ని అడిగాడు. మెడికల్ కాలేజీ అంటే కంగారుపడి "పోలీస్ కేసా" అన్నాడు. కాదని అర్థం చేయించేసరికి కొంచెం టైం పట్టింది. బండి కదిలే ముందు అమ్మ చెప్పులేసుకుని వచ్చి ఎక్కి కూర్చుంది. మా వైపు ఆడవాళ్లు శ్మశానానికి వెళ్లరు, వాకిలి దాకానే. ఎవరో వెనక్కి పిలిచారు. "శ్మశానానికి కాదుగా, కాలేజీకేగా" అంది అమ్మ. దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు, శాస్త్రంలో మెడికల్ కాలేజీ గురించి ఏం రాసి లేదు. అలా ఆవిడ చివరిదాకా నాన్న పక్కనే కూర్చుని వెళ్లింది.

అక్కడ మాకు వింత అనిపించేంత మామూలుగా జరిగింది. గ్రౌండ్ ఫ్లోర్‌లో పొడుగాటి హాలు, ఫార్మలిన్ ఘాటు కళ్లలోకి కొడుతుంది, స్టీలు టేబుళ్లు, గోడకి ఎముకల బొమ్మల చార్టులు. పెద్ద లెడ్జర్‌లో వరుస నంబరు వేసి పేరు, వయసు, కారణం, ఎవరు అప్పగించారు, వాళ్లకేమవుతారు అని రాసుకున్నారు. ఒక అటెండర్, వయసు యాభై పైనే ఉంటుంది, నాన్న చేతికున్న హెచ్ఎంటీ వాచీ జాగ్రత్తగా విప్పి అమ్మ చేతిలో పెట్టాడు, మొలతాడు లేదా అని చూశాడు (లేదు, నాన్న ఎప్పుడూ కట్టుకోలేదు), తర్వాత ఒకసారి తలనుంచి కాళ్లదాకా చూసి, "సార్ సన్నగున్నరు, మంచిగొస్తరమ్మా. లావుగుంటే మందు సరిగ ఎక్కదు" అన్నాడు. నేను బిగుసుకుపోయాను. అమ్మ మాత్రం పొద్దుట్నుంచి మొదటిసారి మామూలు గొంతుతో, "డెబ్భై ఆరేళ్లు ఏం తిన్నాడు గనక, కొసరి వడ్డిస్తే కోపం" అంది. అటెండర్ నవ్వాడు. ఇద్దరూ నాన్న తిండి గురించి రెండు నిమిషాలు మాట్లాడుకున్నారు ఆ హాల్లో నిలబడి.

తర్వాత ఏం చేస్తారని అమ్మే అడిగింది, అసిస్టెంట్ ప్రొఫెసర్ గారు ఓపిగ్గా చెప్పారు. తొడ దగ్గర రక్తనాళం లోంచి మందు ఎక్కిస్తారు, ఆ తర్వాత కొన్ని నెలలు అలాగే ఉంచుతారు, ఎంబీబీఎస్ ఫస్ట్ ఇయర్ పిల్లలు బ్యాచులుగా నేర్చుకుంటారు, మొదలుపెట్టే ముందు శరీరానికి గౌరవంగా ఉంటామని ప్రతిజ్ఞ చేయిస్తారు, మొత్తం అయ్యాక మిగిలినదాన్ని కాలేజీయే దహనం చేయిస్తుంది. "వీళ్లు మా పిల్లలకి మొదటి గురువులమ్మా" అన్నారావిడ. ఈ మాట చాలాచోట్ల చెప్తారని తర్వాత తెలిసింది, అయినా అప్పుడు అమ్మకి అది బాగా పట్టింది, ఇంటికొచ్చాక యాదమ్మక్కకి రెండుసార్లు చెప్పింది, "మా ఆయన ఇప్పుడు సారు" అని.

బాడీ తీసుకున్నట్టు లెటర్‌హెడ్ మీద ఒక కాగితం ఇస్తారు. దాన్ని పోగొట్టకండి. ఒరిజినల్‌తో పాటు జిరాక్సులు బాగా తీయించుకోండి, చెప్తా ఎందుకో.

ముందు పదకొండో రోజు. పెద్దనాన్న కొడుకు, అంటే మా అన్నయ్య వరసే, కారులో పెద్దనాన్నని తీసుకుని వచ్చాడు. పురోహితుణ్ణి కూడా మాట్లాడుకునే వచ్చారు. దహనం జరగలేదు కాబట్టి దర్భలతో ప్రతిమ చేసి దానికి సంస్కారం చేస్తే తప్ప మిగతా కర్మ నడవదని పురోహితుడు చెప్పాడు, నానమ్మకి చేసినట్టే. పెద్దనాన్న ఏడుస్తున్నాడు, తమ్ముడు ప్రేతంగా తిరుగుతాడని ఆయన నిజంగా నమ్ముతున్నాడు, అందులో నాటకం ఏం లేదు. అమ్మ ఎలాగూ కర్మలు చేయిస్తానంది కాబట్టి ఒప్పేసుకుంటుందని నేననుకున్నా. అమ్మ ఒప్పుకోలేదు. "అత్తయ్యగారు దొరకలేదు కాబట్టి గడ్డిబొమ్మ పెట్టారు బావగారూ. ఈయన దొరక్కపోలేదు కదా. ఎక్కడున్నాడో నాకు తెలుసు, నేనే దింపొచ్చాను. ఉన్న మనిషిని పెట్టుకుని గడ్డిని కాల్చడం ఏంటి" అంది. పెద్దనాన్న చాలాసేపు అలా చూస్తూ కూర్చున్నాడు. ఇంక ప్రతిమ మాట ఎత్తలేదు. పురోహితుడు మంచివాడే, పీట మీద ఫోటో పెట్టి సంకల్పం చెప్పించి, స్వయంపాకం, బట్టలు దానం ఇప్పించి ముగించాడు. గురువారం బాబా గుడిలో అన్నదానం అమ్మ సొంత డబ్బుతో పెట్టింది. నాన్న ఫ్రెండ్స్ వేరేగా కమ్యూనిటీ హాల్లో సంస్మరణ సభ పెట్టారు, అమ్మ దానికీ వచ్చింది, స్టేజి మీద కూర్చోమంటే మాత్రం కూర్చోలేదు.

ఇప్పుడు కాగితాలు. మరణం 21 రోజుల్లోపు రిజిస్టర్ చేయించాలి, ఆసుపత్రిలో పోతే వాళ్లే పంపుతారు, ఇంట్లో పోతే మనమే వెళ్లాలి. ఆఫీసులో క్లర్కు అన్నీ చూసి "శ్మశానం రసీదు ఏది" అన్నాడు. లేదండీ, బాడీ డొనేట్ చేశాం, ఇదిగో కాలేజీ లెటర్ అంటే, ఇది కాదు, శ్మశానం రసీదు కావాలి అంటాడు. దహనం చేయలేదండీ అంటే, "మరి బాడీ ఎక్కడుంది" అంటాడు. లెటర్‌లో ఉంది సార్ అంటే లెటర్ చదవడు. లోపల పెద్దావిడ ఒకరు, ఆవిడ ఇలాంటివి చూసినట్టుంది, లెటర్ జిరాక్స్, డాక్టర్ సర్టిఫికెట్, నా ఆధార్ తీసుకుని ఇలా తెమ్మని పని చేసేసింది. కాబట్టి మీరు వెళ్లినప్పుడు కౌంటర్లో వాదించకుండా నేరుగా రిజిస్ట్రేషన్ చూసే ఆఫీసర్‌ని కలవండి, చాలా టైము మిగులుతుంది.

ఆ సర్టిఫికెట్ లేకపోతే మిగతాది ఏదీ కదలదు. నాన్నకి పీఎఫ్ ఆఫీసు ఇచ్చే ఈపీఎస్ పెన్షన్ వచ్చేది, భార్యకి అందులో సగం వస్తుంది, దానికి అప్లికేషన్, డెత్ సర్టిఫికెట్, బ్యాంకు పాస్‌బుక్కు, అమ్మ ఆధార్. ఆధార్‌లో అమ్మ పేరు ఒకలాగ, నాన్న పీఎఫ్ రికార్డులో ఇంకోలాగ ఉంది, పైగా దండల పెళ్లి కాబట్టి శుభలేఖ లేదు, రిజిస్ట్రేషన్ లేదు. అప్పటి గ్రూప్ ఫోటో ఒకటి ఉంది, మెళ్లో దండలతో. దాన్ని పట్టుకెళ్లలేం కదా. చివరికి మీసేవలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి అప్లై చేసి తహసీల్దార్ ఆఫీసు నుంచి అది వచ్చాక పని జరిగింది. నాన్న బతికుండగా ఇవి సరిచేయించి ఉంటే అమ్మకి ఇంత తిరుగుడు ఉండేది కాదు, ఆశయాలున్న మగవాళ్లందరికీ నా విన్నపం ఏంటంటే ముందు భార్య పేరు అన్ని కాగితాల్లో ఒకేలా ఉందో లేదో చూసుకోండి.

కళ్ల గురించి ఐ బ్యాంకు నుంచి థాంక్స్ లెటర్ వచ్చింది, ఎవరికి పెట్టారో చెప్పరు, చెప్పకూడదట. అమ్మ దాన్ని ఫ్రేము కట్టించి బాబా ఫోటో కింద పెట్టింది.

పోయిన నెల నేను అమ్మకి కూడా ఫారం తెచ్చాను, బలవంతమేం లేదు, ఊరికే ఉంటుందని. చదివి పక్కన పెట్టేసింది. "కళ్లు కావాలంటే తీసుకోండి. ఒళ్లు మాత్రం ఇవ్వను, నాకు కట్టెలే. మీ నాన్నది జరిగింది కదా, నాదీ జరగాలి" అంది. సరే అమ్మా, అయితే నిప్పు ఎవరు పెట్టాలి, నేనా అన్నయ్యా అంటే కాస్త ఆలోచించి, "వాడికి స్టాంపింగ్ అయితే వాడు, కాకపోతే నువ్వు" అంది.